5 బై 8 బాత్రూంలో ఏ షవర్ గ్లాసు పెట్టించాలి?

ముందు మీరడిగింది నాకు అర్థమైనట్టు చెబుతాను, తేడా ఉంటే సరిదిద్దండి. తిరుపతి కొర్లగుంటలో పాత ఇల్లు, కింది పోర్షన్. బాత్రూం వెడల్పు 5 అడుగులు, పొడవు 8 అడుగులు. తలుపు తీయగానే ఎడమ గోడకు వాష్‌బేసిన్, దాని తర్వాత అదే గోడకు కమోడ్, చివర్న కిటికీ కింద స్నానం చేసే చోటు. పాత టైల్స్ కొట్టించేశారు, కొత్తవి ఇంకా వేయలేదు. ఇంట్లో 70 దాటిన అమ్మగారు ఉన్నారు. షాపువాళ్ళు మూడు రకాలు చూపించారు: అల్యూమినియం ఫ్రేములో పక్కకు జరిపే తలుపులు, ఫ్రేము లేకుండా బందుల మీద తెరుచుకునే గ్లాసు తలుపు, అసలు తలుపే లేని ఒంటి గ్లాసు. మీ ఆవిడకు రెండోది నచ్చింది, మీకు మొదటిది చవగ్గా కనిపించింది. "ఏది పెట్టమంటావన్నా?" అన్నారు.

మూడోది పెట్టండి. కమోడ్ ఉన్న ఎడమ గోడను ఆనుకుని 33 అంగుళాల వెడల్పుతో ఒకే ఒక్క గ్లాసు, మిగిలిన 27 అంగుళాలు దారి. ఎందుకో కింద లెక్కతో సహా చెబుతాను. కానీ మీ నేల వాలు తప్పితే ఈ మూడింటిలో ఏది పెట్టినా నీళ్ళు వాష్‌బేసిన్ దాకా వస్తాయి. టైల్స్ ఇంకా వేయలేదు కాబట్టి బతికిపోయారు. గ్లాసు షాపుకు నిదానంగా వెళ్ళొచ్చు, ముందు మీ బేల్దారిని కూర్చోబెట్టి మాట్లాడండి.

నేను ఈ ఊళ్ళో 22 ఏళ్ళుగా గ్లాసు, అల్యూమినియం పని చేస్తున్నాను. మొదట్లో షాపుల అద్దాలు, తర్వాత లాడ్జిల బాత్రూంలు, ఇప్పుడు ఎక్కువగా ఇళ్ళు. ఇళ్ళవాళ్ళందరూ ఏదో ఒక హోటల్ గదిలో తీసిన ఫొటో చూపించి "ఇట్లాంటిది కావాల" అంటారు. హోటల్లో ఆ గ్లాసును రోజూ తుడవడానికి జీతం తీసుకునే మనిషి ఉంటాడు. మన ఇంట్లో తెల్లవారుజామున రెండింటికి లేచి, దర్శనానికి వచ్చిన బంధువులు ఆరుగురు ఒకరి తర్వాత ఒకరు స్నానాలు చేసి పోతారు. తిరుపతిలో ఇల్లు కట్టుకున్నవాడు సగం సత్రం కట్టుకున్నట్టే కదా. వాళ్ళు మీ తలుపును నెమ్మదిగా వేస్తారని, వైపర్‌తో తుడుస్తారని నమ్మి ఏదీ కొనకండి.

ఇక నేల సంగతి. పాత ఇళ్ళలో గది మొత్తానికి నీళ్ళు పోయే జాలీ ఒకటే ఉంటుంది, అదీ కమోడ్ వెనకో తలుపు పక్కనో. మీ ఇంట్లో ఎక్కడుందో రాయలేదు. అది స్నానం చేసే చోట లేకపోతే ఇప్పుడే మార్పించండి. వెనక గోడను ఆనుకుని, కిటికీ కింద ఉంటే మంచిది. అడుగుకు పావు అంగుళం చొప్పున వాలు అడగండి. స్నానం చేసే చోటు లోపలికి 3 అడుగులు ఉంటుంది కాబట్టి గ్లాసు నిలబడే గీత నుంచి జాలీ దాకా ముప్పావు అంగుళం దిగాలి. బేల్దారి "ఉంది సార్, ఉంది" అంటాడు. మీరు రసమట్టం పెట్టి చూడండి, లేదంటే పిల్లల గోలీ ఒకటి గీత దగ్గర వదలండి. అది ఎటు దొర్లిందో మీ నీళ్ళూ అటే పోతాయి. కమోడ్, బేసిన్ ఉన్న పొడి భాగం కూడా మట్టంగా ఉండకూడదు. కొంచెంగానైనా లోపలి వైపుకే వాలాలి, లేదా దానికి వేరే జాలీ ఉండాలి. బాత్రూం తలుపు వైపు మాత్రం రవ్వంత కూడా వాలకూడదు.

2008లో బైరాగిపట్టెడలో ఒక ఇంటికి బందుల తలుపు బిగించాను. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. మర్నాడు పొద్దున్నే ఫోన్, హాల్లో పట్టా తడిసిపోయిందని. తలుపు కింద రబ్బరు సరిగా లేదేమో అనుకుని మార్చాను. రెండు రోజులకు మళ్ళీ ఫోన్. సిలికాన్ పూశాను. మళ్ళీ ఫోన్. మూడోసారి వెళ్ళినప్పుడు బకెట్ నీళ్ళు కుమ్మరించి చూస్తే ఆ గది వాలు మొత్తం బయటి తలుపు వైపే ఉంది. నేను కొలతలు తీసుకున్న రోజే ఆ పని చేసి ఉండాల్సింది. చివరికి వాళ్ళు నాలుగు వరసల టైల్స్ లేపారు, నేను గ్లాసు ఊడదీసి మళ్ళీ ఊరికే బిగించాను. తలుపు కింద పెట్టే రబ్బరు చిందిన చుక్కల్ని లోపలికి మళ్ళిస్తుందంతే. పారే నీళ్ళను అది ఆపలేదు.

గ్లాసు గీత కింద అడ్డంగా ఒక గ్రానైట్ పట్టీ వేయించండి. మన పాత చిత్తూరు జిల్లా గ్రానైట్‌కు పేరున్న జిల్లా, కుప్పం గ్రీన్ రాయి ఎక్కడెక్కడికో పోతుంది. మీకు కావాల్సింది ఎక్కడో ఒకచోట కోతలో మిగిలిన 3 అంగుళాల ముక్క, అది తక్కువకే దొరుకుతుంది. కడప బండ మాత్రం వద్దు. అది సున్నపురాయి జాతి, తర్వాత మీరు నిమ్మ ఉప్పుతోనో యాసిడ్‌తోనో గ్లాసు కడిగినప్పుడల్లా దాని మెరుపు పోతుంది. పట్టీ నేల మీద అర అంగుళానికి మించి లేవకుండా, అంచులు గుండ్రంగా తీయించండి. అంతకు మించితే అమ్మగారి కాలికి తగులుతుంది. చూపుకు ఆనని చిన్న మెట్టే పెద్దవాళ్ళను పడేస్తుంది.

వాటర్‌ప్రూఫింగ్ గురించి అందరూ చెబుతారు కాబట్టి నేను రెండే మాటలు చెబుతాను. టైల్స్ వేయకముందు జాలీ మూసి, నీళ్ళు నిలగట్టి, 48 గంటలు చూడండి. కింది పోర్షనే కదా, కింద ఎవరున్నారు అని వదిలేయకండి. మీ స్నానాల గోడకు అవతల పడకగది ఉంటే ఆ గోడ సున్నం పొట్టు రాలడం మొదలవుతుంది. షవర్ ఉన్న గోడలకు అడుగెత్తు పూత చాలదు, తల దాకా వేయించండి.

ఇప్పుడు మూడు రకాల లెక్క. మీ గది వెడల్పు 60 అంగుళాలు.

జరిపే తలుపులైతే రెండు పలకలు ఒకదాని వెనక ఒకటి పోతాయి. రెండూ కొంచెం ఒకదాని మీద ఒకటి రావాలి, పిడికి చోటు కావాలి. అన్నీ పోను మనిషి పట్టే సందు 26 అంగుళాలకు మించదు. అది సరిపోతుంది. చవకే, సాధారణంగా 6 ఎంఎం గ్లాసు వేస్తారు. గొడవంతా కింద ఉండే గాడితో. సబ్బు నురగ, తల వెంట్రుకలు, కుంకుడు పిప్పి, ఉప్పు నీళ్ళ గార అన్నీ అందులో చేరతాయి. ఆర్నెల్లకు చక్రాలు కీచుమంటాయి, ఏడాదికి తలుపును రెండు చేతులతో లాగాలి. అమ్మగారు లాగగలరా? పైనే వేలాడుతూ, కింద చిన్న గైడ్ మాత్రమే ఉండే రకం వస్తోంది, అది నయం. కానీ దాని ధర అడిగితే మీకు చవకన్న ఆశ పోతుంది.

బందుల తలుపుది వేరే లెక్క. అది బయటికే తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకునే తలుపు వెనక మనిషి జారిపడితే ఆ ఒళ్ళే తలుపుకు అడ్డం పడుతుంది, మీరు బయటినుంచి తోయలేరు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను, లోపలికి మాత్రమే తెరిచే తలుపు బిగించమంటే పని వదులుకుంటాను. సరే, బయటికి తెరుద్దాం. కమోడ్ ఎడమ గోడ నుంచి 28 అంగుళాలు ముందుకు వస్తుందనుకోండి, కుడి గోడ దాకా 32 అంగుళాలే మిగులుతాయి. తలుపును కుడి గోడకు బిగిస్తే 30 అంగుళాల తలుపు కమోడ్‌ను 2 అంగుళాల తేడాతో దాటుతుంది. పిడి ఇంకో 2 అంగుళాలు పొడుచుకొస్తుంది. అంటే తగులుతుంది. 27 అంగుళాలైతే తిరుగుతుంది. కానీ తెరిచిన ప్రతిసారీ తలుపుకంటిన నీళ్ళు పొడి నేల మీద కారతాయి. కమోడ్ మీద మనిషి కూర్చున్నప్పుడు లోపలివాళ్ళు తలుపు తెరిస్తే మోకాళ్ళకు కొంచెం దూరంలో గ్లాసు. మీ ఆవిడకు ఈ సంగతి చెప్పి చూడండి, ఫొటోలో ఇది కనిపించదు.

ఒంటి గ్లాసులో ఈ గొడవలేవీ లేవు. తిరిగేది లేదు, జరిగేది లేదు, అరిగేది లేదు. "నీళ్ళు చిందవా?" అంటారు. చిందుతాయి, కొంచెం. అందుకే షవర్ ఎక్కడ పెడతారన్నది ముఖ్యం. మీరు నిలబడే చోటు గ్లాసు వెనక ఉండాలి, దారి వైపు కాదు. అంటే షవర్‌ను వెనక గోడకు, ఎడమ సగంలో పెట్టించాలి. అక్కడ పడే నీళ్ళకు ఎదురుగా గ్లాసు ఉంటుంది. కుడి గోడకు పెడితే దారిలోనే నిలబడి స్నానం చేసినట్టు. పైపులు గోడలోకి పోకముందే చెబుతున్నాను కాబట్టి మీ ప్లంబర్‌కు ఇవాళే చూపించండి.

కుడి గోడ వైపు దారిలో ఒక స్టూలు, బకెట్, చెంబు పడతాయి. ఇది చిన్న విషయం కాదు. మనవాళ్ళలో సగం మంది షవర్ ఎంత ఖరీదైంది పెట్టినా బకెట్ నీళ్ళే పోసుకుంటారు. ఆదివారం తలంటు, పండక్కి నలుగు, పెద్దవాళ్ళకు ఇంకొకరు వీపు రుద్దడం, వీటికి 3 అడుగుల చదరపు గాజు పెట్టె పనికిరాదు. ఒకరు కూర్చుని, ఇంకొకరు నిలబడి నీళ్ళు పోసే చోటు కావాలి. మీకు 5 అడుగులు బై 3 అడుగుల చోటు ఉంది, అది చాలా మందికి లేని సౌకర్యం. దాన్ని తలుపుతో మూసుకోకండి. అమ్మగారి కోసం కుడి గోడకు ఒక పట్టుకునే కడ్డీ పెట్టించండి. గ్లాసు అంచును, గ్లాసు పైన ఉండే రాడ్‌ను పట్టుకుని లేవొద్దని ఆమెకు గట్టిగా చెప్పండి. అవి మనిషి బరువు కోసం చేసినవి కాదు.

గ్లాసు గురించి. టఫెండ్ తప్ప ఇంకేదీ బాత్రూంలోకి రాకూడదు. మామూలు గ్లాసును 600 డిగ్రీలు దాటేలా కాల్చి, ఒక్కసారిగా గాలి కొట్టి చల్లారుస్తారు. దాంతో అది మామూలు గ్లాసు కన్నా నాలుగైదు రెట్లు గట్టిపడుతుంది. పగిలినా కత్తుల్లాంటి పెంకులు కాకుండా చిన్న చిన్న గుళ్ళుగా రాలుతుంది. ప్రతి గ్లాసు మూలలో చెరగని ముద్ర ఉంటుంది. ఐఎస్ 2553 అన్న నంబరు, ఐఎస్ఐ గుర్తు, తయారుచేసిన కంపెనీ పేరు చూసుకోండి. "ముద్ర వేస్తే అందం పోతుందని వేయించలేదు సార్" అనేవాళ్ళు కొందరుంటారు. ఆ గ్లాసు వెనక్కి పంపించేయండి.

టఫెండ్ చేశాక దాన్ని కోయడం, రంధ్రం పెట్టడం కుదరదు. కొలత తప్పితే కొత్తది చేయించాల్సిందే. అందుకే టైల్స్ పూర్తిగా వేసి, సందుల్లో గ్రౌట్ నింపి, ఎండిన తర్వాతే గ్లాసు కొలతలు తీయించండి. షాపువాడు ముందే తీసుకుంటానన్నా ఒప్పుకోవద్దు. కొలిచేటప్పుడు పక్కన నిలబడండి. గోడ నుంచి గోడకు కింద, మధ్యలో, పైన మూడు చోట్ల టేపు పట్టాలి. పాత ఇళ్ళలో కిందికీ పైకీ అర అంగుళం తేడా రావడం మామూలే. గుండు వేలాడదీసి గోడ నిటారుగా ఉందో లేదో చూడాలి. ఒకే చోట కొలిచి నోట్‌బుక్‌లో రాసుకుని వెళ్ళిపోయేవాడు తర్వాత ఆ తేడాను వేలెడు మందం సిలికాన్‌తో పూడుస్తాడు.

మందం: ఫ్రేము లేనివాటికి 8 ఎంఎం కన్నా తక్కువ వద్దు. మీ ఒంటి గ్లాసుకు 10 అంటాను, ఎందుకంటే దానికి ఒక వైపే గోడ ఉంటుంది, రెండో అంచు గాల్లో ఉంటుంది. బరువు లెక్క చాలా సులువు. చదరపు మీటరుకు, ఒక్కో ఎంఎం మందానికి రెండున్నర కిలోలు. మీ 33 అంగుళాలు, 6.5 అడుగుల ఎత్తు గ్లాసు 10 ఎంఎంలో 41 కిలోల పైచిలుకు. 8 ఎంఎంలో 33. 12 ఎంఎం ఇంకా గట్టిది కదా అని కొందరు ఎక్కించాలని చూస్తారు, అది మీ గదికి దండగ. గాల్లో ఉన్న అంచు నుంచి గోడకు పైన ఒక స్టీలు రాడ్ తప్పనిసరి. వెనక గోడ 3 అడుగుల దూరంలోనే ఉంది కాబట్టి రాడ్‌ను అటు కట్టించండి. కుడి గోడకు కడితే పొడవాటి మనుషులకు తలమీదే ఉంటుంది.

ఒంటి గ్లాసు, రాడ్, పక్కన గోడకు చానల్ (గ్లాసు అంచు దిగే లోహపు గాడి) సరే. కింద చానల్‌ను ఎలా నిలబెడతారో అడగండి. నేలకు డ్రిల్లు వేసి స్క్రూలు బిగిస్తామంటే ఆపండి. 48 గంటలు నీళ్ళు నిలగట్టి పరీక్షించిన పూతకు వాళ్ళు చేతులారా నాలుగు చిల్లులు పెడుతున్నారన్నమాట. గ్రానైట్ పట్టీ ఉంటే చానల్‌ను దాని మీద సిలికాన్‌తో అతికించొచ్చు, గోడకున్న చానల్, పైనున్న రాడ్ మిగతా పట్టు ఇస్తాయి. గోడల్లో డ్రిల్లు వేసే చోట పైపులు ఎక్కడ పోతున్నాయో మీకు తెలియాలి. ప్లంబర్ పని అయ్యాక, టైల్స్ పడకముందు, టేపు గోడకు ఆనించి ఫోన్‌తో ఫొటోలు తీసి పెట్టుకోండి. ఈ చిన్న పని చేయనివాళ్ళ ఇంట్లో డ్రిల్లు తగిలి వేడినీళ్ళ పైపు చిమ్మడం నేను మూడుసార్లు చూశాను.

టఫెండ్ గ్లాసు ఊరికే పగులుతుందట కదా అని చాలా మంది భయపడతారు. కారణం లేకుండా పగలడం నిజంగా ఉంది, అరుదు. గాజులో ఇరుక్కున్న నికెల్ సల్ఫైడ్ రవ్వలు కాలక్రమంలో ఉబ్బి పగలగొడతాయి. పెద్ద భవనాలకు హీట్ సోక్ పరీక్ష (ముందే వేడిలో ఉంచి చూడడం) చేయించిన గ్లాసు వాడేది ఈ రవ్వల భయంతోనే. ఇంటి బాత్రూంలో నేను చూసిన పగుళ్ళన్నీ అంచు దెబ్బలే. ఈ గ్లాసు మధ్యలో గుద్దితే తట్టుకుంటుంది, మూలకు మాత్రం చిన్న దెబ్బ చాలు. గ్లాసు కన్నా టైల్ గట్టిది. గ్లాసు అంచు నేరుగా టైల్ మీద నిలబడితే, కింద ఇసుక రేణువు ఉంటే, దెబ్బ అక్కడ మొదలవుతుంది. అందుకే కింద రబ్బరో నైలానో ముక్క పెట్టి నిలబెట్టాలి. వచ్చిన రోజు గ్లాసు నాలుగు అంచులూ చేత్తో కాకుండా కళ్ళతో చూడండి. ఎక్కడైనా చిప్ప లేచి ఉంటే సంతకం పెట్టకండి.

ఇప్పుడు అసలు శత్రువు దగ్గరికొద్దాం: నీళ్ళు. ఊళ్ళో మున్సిపాలిటీ నీళ్ళు కళ్యాణి డ్యాం నుంచి, తెలుగు గంగ నుంచి వస్తాయి, అవి పర్వాలేదు. కానీ మీ ట్యాంకులో బోరు నీళ్ళు కూడా కలుస్తాయని రాశారు. మీ గీజరు కాయిల్ ఎన్నేళ్ళకు మార్చారో గుర్తు తెచ్చుకోండి, దాన్ని బట్టే మీ గ్లాసు ఎట్లా ఉండబోతుందో తెలిసిపోతుంది. తాగేనీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, వేరే నీళ్ళు లేకపోతే 600 దాకా సరిపెట్టుకోవచ్చు. తాగడానికి సరిపెట్టుకున్నా గ్లాసు సరిపెట్టుకోదు. చుక్క ఆరిపోతే సున్నం అక్కడే మిగులుతుంది. వారం తుడవకపోతే తెల్ల చుక్కలు, నెలకు పొర, ఏడాదికి గ్లాసు అవతల ఏముందో తెలియదు. దాని మీద సబ్బు, కొబ్బరినూనె, సున్నిపిండి చేరితే గోకినా పోదు.

దీనికి నానో కోటింగ్ అని ఒకటి అమ్ముతారు. పనిచేస్తుంది, నీళ్ళు ముత్యాల్లా జారిపోతాయి. కానీ అది అరిగిపోయే పూత, తర్వాత మళ్ళీ వేయించుకోవాలి. జీవితకాలం గ్యారంటీ అంటే ఎవరి జీవితకాలమో అడగండి. ఒక 150 రూపాయల రబ్బరు వైపర్ లోపల కొక్కేనికి తగిలించి, చివరిగా స్నానం చేసినవాళ్ళు పైనుంచి కిందికి నాలుగు గుంజులు గుంజాలన్న కట్టుబాటు పెట్టుకుంటే చాలు. ఒంటి గ్లాసైతే అరనిమిషం పని, రెండు పలకల జరిపే తలుపైతే మధ్యలో వైపర్ పోని సందు ఉంటుంది. మీకు ఒంటి గ్లాసు చెప్పడానికి ఇదీ ఒక కారణం.

పొర పట్టాక బాత్రూం యాసిడ్ పోసేవాళ్ళున్నారు. గ్లాసుకు ఏమీ కాదు. కానీ ఆ ఆవిరికి బందులు, రాడ్, స్క్రూలు నల్లబడి చుక్కలు పడతాయి, గ్రౌట్ తినేస్తుంది. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు రెండు చెంచాలు అరలీటరు గోరువెచ్చని నీళ్ళలో కలిపి, గుడ్డతో అద్ది పది నిమిషాలు ఉంచి కడగండి. వెనిగర్ అయినా సరే. యాసిడ్, బ్లీచింగ్ రెండూ ఒకేసారి వాడొద్దు, కలిస్తే విషవాయువు వస్తుంది. మూసిన బాత్రూంలో అది ప్రాణాల మీదికొస్తుంది.

గరుకు గ్లాసు, గాడుల గ్లాసు ఇప్పుడు ఫ్యాషన్. లోపలి వైపు నున్నగా, బయటి వైపు గరుకుగా ఉండేట్టు బిగిస్తే ఫర్వాలేదు, తిరగేసి బిగిస్తే గాడుల్లో గార పట్టి మీరు టూత్‌బ్రష్‌తో తోముకోవాలి. మీ గదిలో ఒక్కరే ఒకసారి వాడతారు కాబట్టి మాటు అవసరం లేదు, మామూలు క్లియర్ గ్లాసే గదిని పెద్దగా చూపిస్తుంది. అంచు పచ్చగా కనబడడం నచ్చకపోతే తెల్లగా ఉండే అల్ట్రా క్లియర్ ఉంది, ధర బాగా ఎక్కువ. నా డబ్బులైతే పెట్టను.

మెటల్ విషయానికొస్తే మీకు తలుపు లేదు కాబట్టి బందుల ఖర్చు తప్పింది. రాడ్, క్లాంపులు ఎస్ఎస్ 304 (స్టెయిన్‌లెస్ స్టీలు) అని బిల్లు మీద రాయించండి. జింకు పోతపోసి పైన క్రోమ్ పూసినవి కూడా అచ్చం అట్లాగే మెరుస్తాయి, చేత్తో పట్టుకుంటే తేడా తెలియదు. మన నీళ్ళకు ఏడాదిన్నరలో పొట్టు లేస్తాయి. నల్ల రంగువి ఇంకా జాగ్రత్త, గార చుక్క దాని మీద సున్నంబొట్టు పెట్టినట్టు కనిపిస్తుంది. సిలికాన్ బాత్రూం రకందే వాడమనండి, బూజు పట్టనిది. పూసినప్పుడు వెనిగర్ వాసన గుప్పున వస్తే అది ఆసిడ్ రకం, మెటల్ పక్కన, గ్రానైట్ పక్కన న్యూట్రల్ రకం మేలు. పూశాక 24 గంటలు ఆ గదిలో స్నానం బంద్. బంధువులు రాని రోజు చూసి బిగించుకోండి, బ్రహ్మోత్సవాల వారంలో మాత్రం పెట్టుకోకండి.

ఎత్తు 6.5 అడుగులు చాలు. కప్పు దాకా పోవద్దు. ఏప్రిల్, మే నెలల్లో ఈ ఊరి ఉక్క మీకు తెలుసు, గాలాడని గాజు గదిలో స్నానం చేసి బయటికొచ్చేలోపే చెమట పడుతుంది. కిటికీ మూయకండి, వీలైతే ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించండి.

షవర్ కొనేటప్పుడు ఒక మాట. ట్యాంకు ఒక మీటరు పైన ఉంటే 0.1 బార్ ప్రెషర్. మీది కింది పోర్షన్, ట్యాంకు రెండో అంతస్తు పైన ఉందంటున్నారు కాబట్టి దాదాపు 7 మీటర్లు, అంటే 0.7 బార్ వస్తుంది. మామూలు షవర్‌కు చాలు. తట్టంత వెడల్పు వాన షవర్ పెడితే కారుతుందే గానీ కురవదు. చిన్నది పెట్టుకుంటే గ్లాసు బయటికి చిందడం కూడా తగ్గుతుంది.

ధర నేను చెప్పను, రోజుకోలా ఉంటుంది, నేనూ ఇదే వ్యాపారంలో ఉన్నాను. ఎలా అడగాలో మాత్రం చెబుతాను. గ్లాసు అడుగు లెక్కన బిల్లు వేస్తారు, కొలతను పైకి సర్దుతారు. మీది 33 అంగుళాలైతే 36 అని లెక్కగట్టే షాపులున్నాయి. సర్దుబాటు ఎంతకు చేస్తారో ముందే అడగండి. అంచు పాలిష్, రంధ్రాలు, రాడ్, చానల్, సిలికాన్, బిగింపు, రవాణా, జీఎస్టీ అన్నీ కలిపి ఒకే అంకె రాయించుకోండి. తక్కువ చెప్పినవాడు తర్వాత ఈ లిస్టు నుంచే ఒక్కొక్కటి బయటికి తీస్తాడు. ఆర్డర్ ఇచ్చాక వారం పది రోజులు పట్టొచ్చు. నేనైతే చెన్నై వైపు ప్లాంటుకు పంపించి చేయిస్తాను, ఆ దారిలో బండి ఆలస్యమైతే నేనూ ఏమీ చేయలేను.

పై పోర్షన్ అద్దెకిచ్చానని, అక్కడ కూడా ఇదే పెట్టాలా అని చివర్లో అడిగారు. వద్దు. అక్కడ ఒక స్టీలు రాడ్, కింద బరువు కుట్టిన ప్లాస్టిక్ కర్టెన్ చాలు, చిరిగితే మార్చుకుంటారు. ఆ డబ్బు కింద జాలీ మార్పించడానికి పెట్టండి. టైల్స్ అయ్యాక మూడు చోట్ల కొలిచిన వెడల్పు, గోడ నుంచి కమోడ్ ముందు అంచు దాకా దూరం రాసి పంపితే 33 అంగుళాలు ఉంచాలో, 32 చేయాలో అప్పుడు చెబుతాను.